భయానికి దేశకాలాలు: సామాజిక మూలాలు గల అనువాద భయానక కథల పఠనంలో ఒక నైతిక ప్రశ్న

భయానక కథను చదివే పాఠకుడు భయాన్ని కోరి తెచ్చుకుంటాడు. అలా తెచ్చుకున్న భయం ఆనందాన్నిస్తుందన్న సంగతి భారతీయ ఆలంకారికులకూ పాశ్చాత్య విమర్శకులకూ కొత్తది కాదు. అయితే కథకు మూలం నిజంగా జరిగిన హింస అయినపుడు, ఆ హింస జరిగిన దేశం పాఠకుడు ఎరుగనిదైనపుడు, ఆ కథ అతనికి అనువాదంలో మాత్రమే అందినపుడు ఆ ఆనందాన్ని గురించి కొత్తగా ఆలోచించవలసి వస్తుంది. అర్జెంటీనా రచయిత్రి మరియానా ఎన్రీకెస్ కథల సంపుటి ‘అగ్నిలో మనం పోగొట్టుకున్నవి’ స్పానిష్‌లో 2016లోనూ, మేగన్ మెక్‌డవెల్ చేసిన ఆంగ్లానువాదం 2017లోనూ వెలువడ్డాయి. ఆమె మరొక సంపుటి 2021లోనూ, కొరియా రచయిత్రి బోరా చుంగ్ ‘శాపగ్రస్త కుందేలు’ 2022లోనూ అంతర్జాతీయ బుకర్ పురస్కారపు తుది జాబితాలలో చేరాయి. తెలుగు పాఠకులకు ఈ కథలు ప్రధానంగా ఆంగ్లం ద్వారానే చేరుతున్నాయి. అంటే రెండు భాషల దూరం దాటి వచ్చిన భయం ఇది.

ఇటువంటి కథల విషయంలో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. పరుల బాధను వినోదంగా మార్చుకోవడం తప్పు అనేది ఒకటి. ఈ కథలు సామాజిక చైతన్యాన్ని కలిగిస్తాయి గనుక చదవడం మంచిదే అనేది రెండవది. మొదటిదాన్ని యథాతథంగా అంగీకరిస్తే కరుణరస ప్రధానమైన సాహిత్యంలో అధికభాగాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది. రెండవది మరీ సులువైన సమాధానం. దయ్యం కథ చదివినంత మాత్రాన ఒక దేశపు పోలీసు వ్యవస్థ గురించి పాఠకునికి ఏదో తెలిసిందని అనుకోవడానికి ఆధారం లేదు. అసలు చిక్కు ఈ రెండింటికీ ముందే ఉంది. కథలో ఏది కల్పితమో, ఏది జరిగినదో పాఠకునికి తెలుసా? తెలియకపోతే ఆ తెలియమి కేవలం సమాచార లోపమా, లేక నైతిక దోషమా?

రససిద్ధాంతంలో భయం

భరతుడు ఎనిమిది రసాలలో భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరుగా చెప్పాడు. భయానకానికి స్థాయి భయం, బీభత్సానికి జుగుప్స. అమెరికన్ తాత్త్వికుడు నోయెల్ కారల్ 1990లో ప్రకటించిన భయానక తత్త్వ గ్రంథంలో ఈ రెండింటినీ కలిపి, భయమూ జుగుప్సా ఒకే వస్తువుపై ఏకకాలంలో కలిగినపుడే ఆధునికార్థంలో భయానకం పుడుతుందన్నాడు. ఆ వస్తువు విజ్ఞానశాస్త్రం ఉనికిని అంగీకరించని ప్రాణి కావాలన్నది అతని మరొక నియమం. ఎన్రీకెస్ కథలు ఈ రెండవ నియమం దగ్గర ఇమడవు. వాటిలో అలౌకిక ప్రాణి ఉంటుంది. కాని పాఠకునికి జుగుప్స దాని మీద మాత్రమే కలగదు. దానికంటె ముందు కనిపించిన మనుషుల మీద కలుగుతుంది.

భయం ఆస్వాద్యం కావాలంటే దూరం అవసరమన్నది ప్రాక్పశ్చిమాలు రెండూ ఒప్పుకొన్న విషయం. ఎడ్మండ్ బర్క్ 1757లో, ప్రమాదం మరీ దగ్గరగా లేనపుడే భీతి ఆనందకారణమవుతుందన్నాడు. అభినవగుప్తుడు ఇంకా సూక్ష్మంగా వెళ్ళాడు. శాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుని బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకొని, అక్కడ సహృదయుడు అనుభవించేది ఫలానా లేడి భయం కాదని, తన భయమూ కాదని, శత్రువు భయమో మిత్రుని భయమో కూడా కాదని, దేశకాలాల అంటు లేని భయం మాత్రమేనని వివరించాడు. సాధారణీకరణం అంటే ఇదే. ఈ భయం నాది అనుకుంటే పాఠకుడు పుస్తకం వదిలి పారిపోతాడు. పరాయివాడిది అనుకుంటే పట్టించుకోడు. ఈ రెండు విఘ్నాలూ తొలగినపుడే రసం సిద్ధిస్తుంది.

లేడి విషయంలో ఇది చక్కగా కుదురుతుంది. ఆ లేడి ఎన్నడో ఏదో ఒక అడవిలో నిజంగా పరుగెత్తిందా అన్న ప్రశ్నకు తావు లేదు. దాని తరఫున ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చేసి ఉండరు. కాని భయపడినవాడు ఒక నగరపు మురికివాడకు చెందిన కుర్రవాడైతే, అతన్ని భయపెట్టినవారికి యూనిఫారాలూ హోదాలూ ఉంటే, దేశకాలాలను తుడిచివేయడం రసానికి మేలు చేసినా ఆ కుర్రవాడికి చేసేది మేలేనా అన్న ప్రశ్న వస్తుంది. దేశం, కాలం, వ్యక్తి: నేరాన్ని రుజువు చేయడానికి కావలసినవీ సరిగ్గా ఈ మూడే. రసానికి విఘ్నమైనది న్యాయానికి ఆధారమవుతున్నది.

అనువాదానికి సాధారణీకరణ స్వభావం పుట్టుకతోనే ఉంది. ఊరి పేరు పాఠకునికి వట్టి ధ్వనిగా మిగులుతుంది. మూలభాషా పాఠకునికి ఒళ్ళు గగుర్పొడిచే వీధి పేరు, పరభాషా పాఠకునికి ఏ వీధి అయినా ఒకటే. కవి చేయవలసిన పనిని ఇక్కడ దూరమే చేసిపెడుతుంది. పైగా కవి అంగీకారంతో నిమిత్తం లేకుండా చేస్తుంది.

నల్లనీటి కింద

‘నల్లనీటి కింద’ అనే కథ ఈ చిక్కును అన్నిటికంటె స్పష్టంగా చూపుతుంది. బ్యూనస్ ఎయిర్స్ దక్షిణ సరిహద్దున ప్రవహించే రియచుయేలో నదిలోకి పోలీసులు ఇద్దరు యువకులను తోసివేస్తారు. ఆ కేసు చూస్తున్న మహిళా ప్రాసిక్యూటర్ దగ్గరకు గర్భిణి అయిన ఒక బాలిక వచ్చి, మునిగిపోయిన యువకుల్లో ఒకడు తిరిగి వచ్చాడని చెబుతుంది. ప్రాసిక్యూటర్ ఆ మురికివాడకు వెళుతుంది. అక్కడ వికృతాంగాలతో పుట్టిన పిల్లలు, పాడుపడిన చర్చి, మతి చెడిన పాదరి, చివరకు ఒక ఊరేగింపు ఆమెకు ఎదురవుతాయి. నీటి అడుగున నిద్రిస్తున్నదేదో మేలుకొన్నదని సూచిస్తూ కథ సాగుతుంది. ఆ సూచనలో లవ్‌క్రాఫ్ట్ కథల జాడ స్పష్టమే.

పరదేశపు పాఠకుడు ఈ కథను మొదటి నుండి చివరి దాకా ఒకే తరహా కల్పనగా చదువుతాడు. పోలీసులు కుర్రవాళ్ళను విషపు నీటిలోకి తోయడం, చచ్చినవాడు తిరిగి రావడం అతనికి ఒకే ఊహాశక్తి నుండి పుట్టిన రెండు ఘట్టాలు. బ్యూనస్ ఎయిర్స్ పాఠకుని స్థితి ఇది కాదు. 2002 సెప్టెంబరులో ఆ నగరపు పోలీసులు ముగ్గురు యువకులను నిజంగానే ఈ నదిలోకి దూకించారు. వారిలో ఒకరు మునిగి మరణించారు. ఆ తరువాత బాధ్యులైన పోలీసులకు న్యాయస్థానంలో శిక్షలు పడ్డాయి. నది కాలుష్యమూ రచయిత్రి ఊహ కాదు. తోళ్ళ కర్మాగారాల క్రోమియం, ఇతర పరిశ్రమల వ్యర్థాలు, శుద్ధి చేయని మురుగు రెండు శతాబ్దాలుగా అందులో కలుస్తూ వచ్చాయి. తీరవాసులు వేసిన దావాలో అర్జెంటీనా సుప్రీంకోర్టు 2008 జూలైలో నదీ పరీవాహక ప్రాంతాన్ని శుభ్రపరచవలసిందిగా ప్రభుత్వాలను ఆదేశించింది. స్థానిక పాఠకుడు కథ సగం దాకా దినపత్రికను చదివినట్టే చదివి, అక్కడి నుండి కల్పనలోకి అడుగు పెడతాడు. కల్పన ఎక్కడ మొదలైందో అతనికి తెలుసు.

త్వెతాన్ తోదొరోవ్ 1970లో అద్భుత సాహిత్యాన్ని నిర్వచిస్తూ, కథలో జరిగినది ప్రకృతి నియమాలకు లోబడినదా, వాటిని దాటినదా అని పాఠకుడు ఊగిసలాడే సంశయంలోనే ఆ ప్రక్రియకు ప్రాణమున్నదన్నాడు. అనువాద పాఠకునికి దీని వెనుక ఇంకొక సంశయం ఉండాలి: కథలో లోకసహజంగా జరిగినట్టు చెప్పినది లోకంలో నిజంగా జరిగినదా? మొదటి సంశయాన్ని రచయిత్రి కథ లోపలే పుట్టిస్తుంది. రెండవదాన్ని పుట్టించవలసిన అవసరం ఆమెకు రాలేదు. ఆమె ఎవరి కోసం రాసిందో వారికి ఆ విషయంలో సంశయం లేదు. ఎల్ల దాటిన తరువాతనే ఆ అవసరం వస్తుంది. తీరా అప్పటికి చెప్పేవారుండరు.

ఇది సమాచార లోపం మాత్రమే అనిపించవచ్చు. కథాపాఠకునికి పరదేశ చరిత్ర తెలిసి తీరాలనడం అతిశయోక్తి కాదా అన్న ఆక్షేపణా సమంజసమే. అన్ని కథల విషయంలోనూ ఈ బాధ్యత లేదు. ఒక కథ సాక్ష్యపు పనిని కూడా చేస్తున్నపుడు మాత్రమే అది వస్తుంది. ఎన్రీకెస్ పాత్రికేయురాలు, ‘పాహినా 12’ దినపత్రిక సాంస్కృతిక అనుబంధంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆమె కథల్లో సాక్ష్యం, కల్పన పక్కపక్కనే నడుస్తాయి. సాక్ష్యాన్ని కల్పనగా పుచ్చుకోవడమంటే సాక్షి మాటను నమ్మకపోవడమే. ఆ నమ్మకపోవడంలో ద్వేషం లేకపోవచ్చు, ఉద్దేశమూ లేకపోవచ్చు. ఫలితం మాత్రం అదే.

ఆ ఫలితం ఎటువంటిదో అర్జెంటీనా చరిత్రలోనే ఉంది. 1976 నుండి 1983 దాకా సాగిన సైనిక పాలనలో వేలాది మందిని ఎత్తుకుపోయి, హింసించి, చంపి, శవాలు దొరకకుండా చేశారు. 1984లో ప్రభుత్వ విచారణ సంఘం ‘ఇంకెన్నడూ వద్దు’ అనే నివేదికలో 8,961 మంది వివరాలను నమోదు చేసింది. మానవ హక్కుల సంస్థలు చెప్పే సంఖ్య 30,000. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు 1977 నుండి మాయో కూడలిలో ప్రతి గురువారం తిరుగుతుంటే, పాలకులూ వారి అనుయాయులూ ఆ తల్లులను పిచ్చివాళ్ళన్నారు. జరిగినదాన్ని జరగలేదనడానికి వారు ఎంచుకున్న మార్గం, ఆ తల్లులు ఊహించుకుంటున్నారనడం. దూరదేశపు పాఠకుడు కథలోని యథార్థాన్ని రచయిత్రి ఊహాశక్తిగా మెచ్చుకున్నపుడు, ఆ మెచ్చుకోలులో తెలియకుండానే ఇదే వాక్యం మళ్ళీ వినిపిస్తుంది. ఇక్కడ తెలియమి నైతిక దోషం కావడానికి కారణం ఇదే.

మాయం చేయడం, ఎన్‌కౌంటర్ చేయడం

ఈ దోషానికి పాఠకుడొక్కడే బాధ్యుడు కాదు. భాషకూ అందులో వాటా ఉంది. సైనిక పాలనలో కనిపించకుండా పోయినవారిని స్పానిష్‌లో ‘దేసపారెసీదో’లు అంటారు. ‘దేసపారెసేర్’ అంటే కనిపించకుండా పోవడం. సాధారణంగా అది అకర్మక క్రియ. లాటిన్ అమెరికా ప్రజలు దాన్ని సకర్మకం చేసి, ‘అతన్ని మాయం చేశారు’ అనే అర్థంలో వాడారు. వ్యాకరణాన్ని వంచి కర్తను వాక్యంలోకి ఈడ్చుకొచ్చారన్నమాట. ఆంగ్లం కూడా తడబడుతూనే ఈ వాడుకను అరువు తెచ్చుకుంది.

తెలుగులో దీనికి మాట వెతికితే అనువాదం ఎంత బరువైన పనో తెలుస్తుంది. ‘అదృశ్యమైనవారు’ అంటే వారంతట వారే అదృశ్యమైనట్టు. ‘మాయమైనవారు’ అన్నా అంతే. పైగా ఆ మాటలో కొంత ఇంద్రజాలం ఉంది. ‘మాయం చేయబడినవారు’ అనేది అర్థంలో సరైనదే కాని, సర్కారు ఉత్తర్వులో తప్ప మనిషి నోట పలకదు. ‘మాయం చేసిన మనుషులు’ అంటే తెలుగు క్రియాజన్య విశేషణానికున్న స్వభావం వల్ల మాయం చేసినవారో, మాయానికి గురైనవారో తేలదు. హంతకులూ హతులూ ఒకే పదబంధంలో చేరిపోతారు. భయానక కథలో ‘అదృశ్యమైన తల్లిదండ్రులు’ అని రాస్తే, పాఠకుడు మొదటి వాక్యం నుండే దయ్యాల లోకంలో ఉంటాడు. సైనికుల లోకానికి అతను ఎన్నటికీ చేరడు.

అయితే తెలుగువారికి ఇటువంటి వ్యాకరణం బొత్తిగా తెలియనిది కాదు. ‘ఎన్‌కౌంటర్’ అనే ఆంగ్ల నామవాచకానికి మూలంలో ఉన్న అర్థం ఎదురుపడటం. అందులో ఇరుపక్షాలూ సమానమే. తెలుగు నేలమీద నక్సలైటు ఉద్యమ దశాబ్దాలలో ఆ మాట ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అని సకర్మకమైంది. అధికారిక ప్రకటన ‘ఎన్‌కౌంటర్ జరిగింది’ అంటుంటే, అరుగుమీద కూర్చున్న మనిషి ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అన్నాడు. జరగడానికీ చేయడానికీ మధ్యనున్న తేడా అంతా ఆ క్రియలో ఉంది. బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లో స్పానిష్ క్రియకు పట్టిన గతే ఇక్కడ ఆంగ్ల నామవాచకానికి పట్టింది. అనువాదకులు ‘మాయం చేశారు’ అనే నిండు వాక్యాన్ని, అవసరమైతే పదేపదే వాడి, నామవాచకం కోసం వెతుకులాట మానుకోవడమే మేలు. వాక్యం కొంత బరువెక్కుతుంది. ఎక్కనీయాలి.

‘చచ్చినవాళ్ళతో మాట్లాడిన రోజుల్లో’ అనే కథలో ఐదుగురు బాలికలు అక్షరాల పలకతో ఆత్మలను పిలుస్తారు. ఒకతె తల్లిదండ్రులను సైన్యం మాయం చేసింది; వారి శవాలెక్కడున్నాయో తెలుసుకోవాలని ఆమె కోరిక. వచ్చిన ఆత్మ, మీలో ఒకరివల్ల ఇబ్బందిగా ఉందంటుంది. తరచి చూస్తే ఆ ఒక్కతె ఇంట్లో మాత్రమే మాయమైనవారెవరూ లేరు. తరువాత ఆమెకు జరిగేదే కథలోని భయం. 1979లో సైనికాధిపతి హోర్హె రాఫేల్ విదేలా విలేఖరుల సమావేశంలో, కనిపించకుండా పోయినవారికి ఉనికి లేదని, వారు బతికీ లేరు చచ్చీ లేరని అన్నాడు. ప్రేతానికి ఇంతకంటె కచ్చితమైన నిర్వచనం దొరకదు. శవం దొరకక, కర్మ జరగక, పితృదేవతల్లో చేరక తిరిగేదాన్నే మన సంప్రదాయమూ ప్రేతమన్నది. ఈ కథలో దయ్యాన్ని కల్పించినది రచయిత్రి కాదు, రాజ్యం. ఆ ఒక్క సంగతి తెలియని పాఠకునికి ఇది అక్షరాల పలక కథల్లో మరొకటి మాత్రమే.

పోలిక తెచ్చే ప్రమాదం

ఇంతవరకు చెప్పినది తెలియమి గురించి. తెలుగు పాఠకునికి దీనికి పూర్తిగా విరుద్ధమైన ఇబ్బంది కూడా ఒకటుంది: తెలుసుననుకోవడం. ‘అగ్నిలో మనం పోగొట్టుకున్నవి’ కథలో భర్తలూ ప్రియులూ ఆడవారిని తగలబెట్టే సంఘటనలు వరుసగా జరుగుతాయి. కాలిన ముఖంతో ఒక యువతి సబ్‌వే రైళ్ళలో ప్రయాణికులను ముద్దుపెట్టుకుంటూ డబ్బు అడుగుతుంది. కొంతకాలానికి స్త్రీలు తామే రహస్యంగా మంటలు పేర్చి, ఒక్కొక్కరుగా అందులోకి నడిచి, ప్రాణాలతో బయటపడి, కాలిన ముఖాలతో నగరంలో తిరగడం మొదలుపెడతారు. ఈ కథకూ వాస్తవపు నేపథ్యముంది. అర్జెంటీనాలో 2010లో ఒక రాక్ సంగీతకారుని భార్య కాలిన గాయాలతో మరణించింది. భర్త దోషిగా తేలాడు. స్త్రీ అయినందుకు జరిగే హత్యలకు యావజ్జీవ శిక్ష విధిస్తూ 2012లో అక్కడ చట్టం సవరించారు.

‘స్టవ్ పేలి వివాహిత మృతి’ అనే వార్తాశీర్షికతో పెరిగిన తెలుగు పాఠకునికి ఈ కథను అర్థం చేసుకోవడానికి అర్జెంటీనా అక్కరలేదనిపిస్తుంది. ఆ శీర్షికలో స్టవ్ కర్త. అది పేలుతుంది, ఆమె మరణిస్తుంది, మూడో మనిషి వాక్యంలో ఉండడు. వరకట్న మరణాన్ని భారత శిక్షాస్మృతి 304-బి సెక్షన్‌గా చేర్చింది 1986లో. జాతీయ నేర నమోదు సంస్థ 2022లో కూడా దేశంలో 6,450 వరకట్న మరణాలను లెక్కించింది. కనుక గుర్తుపట్టడం న్యాయమే. గుర్తుపట్టడంతో చదవడం ముగిసిందనుకుంటేనే పొరపాటు.

ఎందుకంటే అగ్నిలోకి నడిచే స్త్రీ మన సాహిత్యంలో, మన ఊళ్ళలో ఖాళీగా ఉన్న స్థానం కాదు. సీత అగ్నిప్రవేశం ఉంది. సహగమనం చేసిన స్త్రీలను పేరంటాళ్ళుగా కొలిచే గుళ్ళు కోస్తా పల్లెల్లో ఉన్నాయి. రాజు బలాత్కారాన్ని ధిక్కరించి అగ్నిలో దూకిన పెనుగొండ కన్యకా పరమేశ్వరి ఉంది. ఆ గాథనే గురజాడ ‘కన్యక’లో ధిక్కారంగా మలిచాడు. ఎన్రీకెస్ వాడిన స్పానిష్ మాట ‘ఒగేరా’. చలిమంటకూ అదే మాట, మతద్రోహులనూ మంత్రగత్తెలనూ కాల్చిన మంటకూ అదే మాట. దాన్ని తెలుగులో ‘అగ్నిగుండం’ అంటే ఆ స్త్రీలు పేరంటాళ్ళవుతారు. ‘చితి’ అంటే శవాలవుతారు. ‘హోమం’ అంటే పవిత్రులవుతారు. మూడూ కథను చంపే మాటలే. ఎన్రీకెస్ స్త్రీలు చావడానికి మంటలోకి వెళ్ళరు. బతికి, ఆ ముఖాలతో అందరికీ కనిపించడానికి వెళతారు. సహగమనంలో స్త్రీ మాయమై గుడి మిగులుతుంది. ఇక్కడ గుడి ఉండదు. బస్సులో, బజారులో, పక్క బల్లమీద ఆమె ఉంటుంది. ‘మంట’ అనే మామూలు మాటే ఇక్కడ నిలుస్తుంది.

ఈ తిప్పలో ఒక నైతికాంశం ఉంది. పరాయి కథను సొంత బాధగా గుర్తించడం ఉదారతలాగా కనిపిస్తుంది గాని, అది తొందరపాటు అయితే పరాయి మనిషిని తుడిచేస్తుంది. అభినవగుప్తుడు రెండు విఘ్నాలు చెప్పాడు: పరునిదనుకోవడం, తనదనుకోవడం. విమర్శకులు సాధారణంగా మొదటిదానికే భయపడతారు. అనువాద భయానక కథల విషయంలో తెలుగువారికి రెండవదే పెద్ద ప్రమాదం.

దూరం, పోలిక రెండూ లేని చోట ఏమవుతుందో బోరా చుంగ్ కథ ఒకటి చూపుతుంది. అందులో మందుబిళ్ళల ప్రభావంతో ఒక అవివాహిత గర్భవతి అవుతుంది. బిడ్డకు తండ్రిని వెతుక్కోవాలని వైద్యురాలు పట్టుబడుతుంది. దీన్ని ఆంటన్ హర్ ఆంగ్లంలో చదివినవారిలో చాలామంది విపరీత హాస్యంగానే తీసుకుంటారు. కుటుంబమంతా పురుష యజమాని పేరు కింద నమోదు కావలసిన పద్ధతి దక్షిణ కొరియాలో 2008 దాకా చట్టంగా ఉండేదని తెలిస్తే ఆ పట్టుదల నవ్వు పుట్టించదు.

ఎదురువాదం

పైన ప్రతిపాదించినదానికి బలమైన ఆక్షేపణ పాఠకుల నుండి కాదు, ఒక రచయిత్రి నుండే వస్తుంది. మహాశ్వేతాదేవి రాసిన టెరొడాక్టిల్ కథను గాయత్రీ చక్రవర్తి స్పీవాక్ ఆంగ్లంలోకి అనువదించి 1995లో ‘ఇమాజినరీ మ్యాప్స్’ సంపుటిలో చేర్చింది. కరవు పీడిస్తున్న ఒక ఆదివాసీ గ్రామంలోకి యుగాల కిందట అంతరించిన పక్షి వంటి జీవి వస్తుంది. అక్కడికి వచ్చిన పాత్రికేయుడు పూరణ్ దాన్ని కళ్ళారా చూస్తాడు. దాని గురించి మాత్రం రాయడు. తన కథలో మధ్యప్రదేశ్ అంటే భారతదేశమేనని, ఆ ఒక్క తెగ అంటే మొత్తం ఆదివాసీ సమాజమని, వేర్వేరు తెగల ఆచారాలను బుద్ధిపూర్వకంగానే కలిపానని మహాశ్వేతాదేవి స్వయంగా ప్రకటించింది. అంటే దేశకాలాలను తుడిచినది ఆమే. అటువంటపుడు భయానికి దేశకాలాలు తప్పనిసరి అని పాఠకుని మీద నియమం పెట్టే హక్కు విమర్శకునికెక్కడిది?

ఈ ఆక్షేపణను తోసిపుచ్చడం కుదరదు. ఒక తేడా మాత్రం గమనించాలి. మహాశ్వేతాదేవి ఏమి కలిపిందో, ఎందుకు కలిపిందో చెప్పి కలిపింది. కథ విన్నవాడు దాన్ని దాచుకోవలసిన సందర్భం కూడా ఉంటుందని పూరణ్ పాత్ర ద్వారా చూపింది. సాధారణీకరణం అక్కడ ఒక నిర్ణయం. అనువాదపు దూరం వల్ల జరిగే సాధారణీకరణానికి వెనుక నిర్ణయం లేదు. ఎవరూ దానికి జవాబుదారీ కాదు. తప్పు విశ్వజనీనతలో లేదు, కర్త లేని విశ్వజనీనతలో ఉంది. ‘అదృశ్యమైనవారు’ అనే మాటలో ఉన్న లోపమే ఇక్కడా ఉన్నది.

ఎన్రీకెస్ కథలనూ ఈ గీటురాయి మీద పెట్టవలసిందే. ‘నల్లనీటి కింద’లో మతి చెడిన పాదరి, ఈ నదిని ఇన్నేళ్ళుగా కలుషితం చేసినవారు అడుగునున్నదాన్ని కప్పిపెట్టడానికే అలా చేశారేమోనన్న భావం వ్యక్తం చేస్తాడు. మాట పాత్రదే గాని, కథ దాన్ని ఖండించదు. ఊరేగింపు దాన్ని బలపరుస్తుంది కూడా. కర్మాగారాల యజమానుల లాభాపేక్ష ఒక్క క్షణంలో లోకరక్షణగా మారిపోతుంది. భూతం నేరాన్ని తన మీద వేసుకుంటే మనుషులు బయటపడతారు. భయానక ప్రక్రియకున్న అసలు బలహీనత ఇదేననిపిస్తుంది. స్థానిక పాఠకుని వద్ద సుప్రీంకోర్టు తీర్పు జ్ఞాపకముంది గనుక అతను పాదరి మాటను పిచ్చిగానే వింటాడు. అనువాద పాఠకుని వద్ద పాదరి మాట తప్ప మరేమీ లేదు.

మెక్‌డవెల్ తన అనువాదానికి ఒక గమనిక జతచేసి, అర్జెంటీనా సాహిత్యం మీద పడిన సైనిక పాలన నీడను వివరించింది. అది సంపుటి చివర ఉంది. ముందే పెట్టి ఉంటే పాఠకుడు చరిత్ర పాఠం అప్పజెప్పించుకున్నట్టు కథల్లోకి వెళ్ళేవాడు, భయం చచ్చేది. అడుగున సూచికలు పెడితే, గొంతు మీద చేయి పడుతున్న క్షణాన ఎవరో చొక్కా పట్టి లాగినట్టుంటుంది. కనుక చివర పెట్టడమే సరి. కాని చివర చదివినవాడు మళ్ళీ మొదటికి వెళ్ళాలన్న షరతు అందులో ఉంది. భేతాళ కథల్లో శవాన్ని భుజాన వేసుకున్న రాజు కథను ఊరికే వినడానికి వీల్లేదు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం తిరిగి చెట్టెక్కుతుంది, మళ్ళీ వెళ్ళి దించుకురావాలి. మొదటి పఠనంలో పాఠకుడు భయపడటానికి అర్హుడే. అభినవగుప్తుడు చెప్పిన దేశకాలాతీత భయాన్ని అతనికి అక్కడ నిరాకరించనవసరం లేదు.

రెండవ పఠనంలో భయం చోటు మారుతుంది. ‘నల్లనీటి కింద’ను ఆ గమనికా, ఆ నదిలో జరిగినదీ తెలిసిన తరువాత తెరిస్తే, నీటి అడుగునున్నదాని వద్దకు చేరేలోపే పాఠకుడు మొదటి పుటలో ఆగిపోతాడు. అక్కడ దయ్యమేదీ లేదు. ప్రభుత్వ కార్యాలయం, బల్ల వెనుక ప్రాసిక్యూటర్. ఎదుటికి నిందితుడైన పోలీసు వస్తాడు. చేతులకు బేడీలు లేవు. అతను తల ఎత్తుకొని, నవ్వుతూ వస్తాడు.